ఏడు ఫొటోలు, ఏడూ గీతవే

ప్రశ్న: అమ్మా, నాకు 34 ఏళ్లు. పటమటలో ఉంటాం. రెండేళ్లు డబ్బు దాచుకుని 74 వేలు పెట్టి గేర్ల సైకిల్ కొన్నాను. అల్యూమినియం ఫ్రేము, కార్బన్ ఫైబర్ ఫోర్కు (ముందు చక్రాన్ని పట్టుకునే రెండు కాళ్లు). ముదురు నీలం, మెరుపు లేని మ్యాట్ రంగు. కొని ఇంకా ఆర్నెల్లు కాలేదు. ఐదు వారాల కిందట ఆదివారం పొద్దున్నే నేనూ మా ఆఫీసు మిత్రుడూ ప్రకాశం బ్యారేజీ దాటి, కరకట్ట మీద వెంకటపాలెం వైపు వెళ్తున్నాం. ముందు అతను, వెనకాలే నేను. గేదె అడ్డొచ్చిందని అతను ఉన్నట్టుండి బ్రేకు వేశాడు. నా ముందు చక్రం అతని వెనక చక్రానికి రాసుకుంది. కుడిపక్కకి పడిపోయాను. హ్యాండిల్ గిర్రున తిరిగి, బ్రేకు లీవరు కొస పై గొట్టాన్ని నాలుగంగుళాల మేర గీరేసింది. లోపలి వెండిరంగు కనిపిస్తోంది. లేవకముందే చూసింది దాన్నే. నాకు మోకాలు దోక్కుపోవడం తప్ప ఏం కాలేదు (బొటనవేలి కింద కాస్త నొప్పి ఉంది గానీ సీసా మూత తిప్పితే తప్ప తెలియదు). హెల్మెట్ రోడ్డుకి తగిలింది, పగల్లేదు. తిరిగొచ్చేటప్పుడు వెనక పెద్ద పళ్లచక్రం మీద టిక్కు టిక్కుమంది. అతను మాత్రం "నీకేం కాలేదుగా, పద" అన్నాడు, సైకిల్ వైపు కూడా చూడలేదు. మా అమ్మ "పోన్లేరా, దిష్టి పోయింది" అంది. మా ఆవిడ "నేను మెట్ల మీద జారినప్పుడు కూడా ఇంత పరీక్షగా చూడలేదు మీరు" అంది. అప్పట్నుంచీ సైకిల్ బయటికి తీయలేదు, దుప్పటి కప్పి ఉంచాను. రాత్రిళ్లు పడుకుంటే ఆ 'జర్ర్'మన్న చప్పుడు వినిపిస్తోంది. మొత్తం రంగు వేయించాలా? ఖర్చులో సగం అతన్ని అడగొచ్చా? నేను అతి చేస్తున్నానా?
(పేరు వద్దు), విజయవాడ

జవాబు: మీరు రాసింది ఐదు పేజీలు. పైన వేసింది అందులో పావు వంతు. మిగతాదంతా గీత పొడవు, గీత లోతు, ఉదయం ఎండలో గీత ఎలా కనిపిస్తుంది, ట్యూబులైటు కింద ఎలా కనిపిస్తుంది. మీ మిత్రుడి మీద ఒక పేజీ. హెల్మెట్ మీద ఒక్క వాక్యం. బొటనవేలి నొప్పికి కుండలీకరణాలు పెట్టారు. జత చేసిన ఫొటోలు ఏడు, ఏడూ గీతవే. అందుకని మీరడిగిన వరసలో జవాబు చెప్పను, ఏమనుకోవద్దు.

ముందు ఆ కుండలీకరణాలు తీసేద్దాం. కుడి అరచెయ్యి పైకి తిప్పకుండా ముందుకి చాపి, బొటనవేలిని బాగా పైకి లేపండి. మణికట్టు దగ్గర, వేలి మొదట్లో చిన్న గుంట పడుతుంది. ఎడమచేతి వేలితో ఆ గుంటలో నొక్కండి. కలుక్కుమందా? అయితే ఈ పత్రిక పక్కన పెట్టి ఎముకల డాక్టరు దగ్గరికి బయల్దేరండి. కలుక్కుమనకపోయినా వెళ్లండి. నేను డాక్టర్ని కాను గానీ, పడేటప్పుడు చెయ్యి ఆనించిన సైకిలు వాళ్లకి ఆ గుంట కింద ఉండే స్కాఫాయిడ్ అనే చిన్న ఎముక విరగడం కొత్త సంగతి కాదు. జీడిపప్పంత ఎముక. విరిగినా చెయ్యి వాయకపోవచ్చు, పనులన్నీ చేసుకుంటూనే ఉంటాం, మూత తిప్పినప్పుడో తాళం తిప్పినప్పుడో మాత్రం చురుక్కుమంటుంది. పడ్డ రోజు తీసిన ఎక్స్‌రేలో కనిపించకుండా, పది పదిహేను రోజులకి మళ్లీ తీస్తే బయటపడే రకం ఇది. పైగా దానికి రక్తం ఎక్కువగా ఒక కొస నుంచే అందుతుంది. వదిలేస్తే అతుక్కోకుండా ఉండిపోవచ్చు, ఒక ముక్క చచ్చిపోవచ్చు కూడా. మీరు ఐదు వారాలు వదిలేశారు. డాక్టరుకి "సైకిల్ మీంచి పడ్డాను, చెయ్యి ఆనించాను, ఐదు వారాలైంది" అని మూడు ముక్కలూ చెప్పండి. "కాస్త నొప్పి" అని మాత్రం చెప్పకండి.

రెండోది హెల్మెట్. పగల్లేదని సంతోషించారు. పైన కనిపించే ప్లాస్టిక్ డిప్ప పగలకపోవడం లెక్కలోది కాదు. తలని కాపాడేది లోపలి తెల్లటి సరుకు. టీవీ పెట్టెలో వచ్చే థర్మోకోల్‌కి దగ్గరి చుట్టం. దెబ్బ తగిలినప్పుడు అది నలిగి, ఆ నలగడంలో దెబ్బని తను తీసుకుంటుంది. ఒకసారి నలిగింది మళ్లీ ఉబ్బదు. బయటికి ఏమీ కనిపించకుండానే పనికిరాకుండా పోతుంది. కొత్తది కొనండి. పాతది పారేసే ముందు కత్తెర తీసుకుని పట్టీలు కోసెయ్యండి, లేకపోతే చెత్తలోంచి తీసి ఎవరో వాళ్ల పిల్లాడికి పెడతారు. ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి మనం: ఆ రోజు రోడ్డుకి తగిలింది మీ తల. మధ్యలో వేలెడు మందం థర్మోకోల్ ఉంది కాబట్టి దాన్ని మీరు "హెల్మెట్ తగిలింది" అని రాయగలిగారు. ఇంకెప్పుడైనా తల తగిలి, తర్వాత వాంతి, మత్తు, తగ్గని తలనొప్పి ఏది వచ్చినా ఇంటికి కాదు, ఆసుపత్రికి వెళ్లాలి.

ఇక సైకిలు. టిక్కు టిక్కుమన్న చప్పుడు నాకు ఇక్కడికి వినిపిస్తోంది. కుడిపక్కకి పడితే వెనక గేరు మార్చే డిరైలరే కదా ముందు నేలకి కొట్టుకునేది. దాన్ని ఫ్రేముకి పట్టి ఉంచే చిన్న అల్యూమినియం ముక్క ఒకటుంటుంది, హ్యాంగర్ అంటారు. ఫ్రేము విరక్కుండా తను వంగడానికే దాన్ని మెత్తగా చేసి, విడిగా బిగిస్తారు. మీది వంగి ఉంటుంది. అలాగే తొక్కుతూ ఉంటే ఒకరోజు ఎత్తు ఎక్కడానికి పెద్ద పళ్లచక్రం మీదికి వేస్తారు, డిరైలర్ చువ్వల్లోకి దూరుతుంది, గేరు, చువ్వలు, చక్రం కలిసి ముద్దవుతాయి. అది జరిగాక ఈ నాలుగంగుళాల గీత మీకు ముద్దొస్తుంది. కొత్త హ్యాంగర్ మామూలుగా వందల్లో అయిపోయే ఖర్చు. మీ మోడల్ పేరు చెప్పి తెప్పించుకోవాలి, ఒకదానిది ఇంకోదానికి పట్టదు.

ఫోర్కు సంగతి నేను ఇంకా గట్టిగా చెప్తాను. చక్రం తగిలి పడ్డారు, అది కార్బన్. స్టీలు వంగుతుంది, వంగితే కంటికి కనిపిస్తుంది. అల్యూమినియం పగుళ్లిస్తుంది, సాధారణంగా అతుకుల దగ్గర. కార్బన్ లోపల పొర విడిపోయి పైకి నవ్వుతూ ఉండగలదు. ముందు చక్రం తీసేసి, ఫోర్కు కాళ్లని శుభ్రంగా తుడిచి, పల్చటి పాత నైలాన్ గుడ్డతో పైనుంచి కిందికి నిమరండి. దారం ఎక్కడన్నా పట్టుకుంటే అక్కడ పగులుందేమో చూడాలి. రూపాయి బిళ్లతో మెల్లిగా తట్టుకుంటూ రండి. టకటకమనే చప్పుడు ఒకచోట మాత్రం డబ్ అని మూగబోతే అనుమానించాలి. ఇవి రెండూ పైపై పరీక్షలే. హ్యాండిల్ కింద మెడలోపలికి వెళ్లే భాగాన్ని ఊడదీసి, కార్బన్ పని తెలిసినవాళ్లు చూడాలి. అనుమానం తీరకపోతే మార్చెయ్యాలి. కరకట్ట దిగుతుంటే విరిగే ఫోర్కుకి ముందు హెచ్చరిక ఉండదు. హ్యాండిల్ కూడా ఏమాత్రం వంగి ఉన్నా తిరిగి వంచి సరిచేయించకండి, అల్యూమినియాన్ని అటూ ఇటూ వంచితే తీగ తెగినట్టు తెగుతుంది.

ఈ చూడ్డం అనే విద్య నాకు నేర్పింది గవర్నర్‌పేటలో ఒక సైకిల్ షాపాయన. తొమ్మిదేళ్ల కిందట వానలో రైలు పట్టాలు ఏటవాలుగా దాటబోయాను. చక్రం పట్టా పక్క సందులో ఇరుక్కుంది, నేను ఎగిరి పడ్డాను. (పట్టాల్ని ఎప్పుడూ అడ్డంగా, కోసినట్టు దాటాలి. తెలిసీ చేశాను.) నాది స్టీలు సైకిలు. చైను పక్కన గొట్టం మీద రంగు చెక్కలా లేచిపోయింది. షాపుకి తీసుకెళ్లి దాన్నే చూపిస్తూ నా గోడు చెప్తున్నాను. ఆయన నా వేలు చూపించిన వైపు చూడనే లేదు. సైకిల్ని తలకిందులుగా నిలబెట్టి, హ్యాండిల్ మెడ వెనకాల కింది గొట్టం అడుగున బొటనవేలు ఆనించి, కళ్లు మూసుకుని, మెల్లిగా జరిపాడు. బియ్యంలో రాయి వెతికే ఆడవాళ్ల వేళ్లు అలా కదుల్తాయి. "రంగు సంగతి తర్వాతమ్మా, ఇక్కడ అల తగుల్తుందేమో చూస్తున్నా" అన్నాడు. ముందునుంచి గట్టి గుద్దు తగిలితే గొట్టం సరిగ్గా అక్కడ ముడత పడుతుందట, కంటికి అందనిది వేలికి అందుతుందట. అల లేదు. అప్పుడు చక్రం గిర్రున తిప్పి, బ్రేకు రబ్బరుకీ రిమ్ముకీ మధ్య సందు ఎక్కడ తగ్గుతోందో చూసి, చువ్వలు బిగిస్తూ వదులుచేస్తూ బెండు తీశాడు. చివర్లో, డబ్బులిచ్చేటప్పుడు, "ఆ గీతకి గోళ్ల రంగు పూసెయ్యండి, లేకపోతే తుప్పెక్కుద్ది" అన్నాడు. నేను పూయలేదు, ఎక్కింది.

మీరు కూడా ఆ బొటనవేలి పరీక్ష చెయ్యండి. గీత దగ్గర కూడా చెయ్యండి, కానీ గీతని కాదు, దాని కింద సొట్ట ఉందా అని. హ్యాండిల్ తిరిగి కొడితే పల్చటి అల్యూమినియం గొట్టం లోపలికి పోతుంది ఒక్కోసారి. గొట్టం నునుపుగా ఉంటే మీది రంగు పోయిన సైకిలు, అంతే. సొట్టో, జుట్టులాంటి పగులో ఉంటే అది వేరే కథ, షాపుకి తీసుకెళ్లండి.

మీరు దాటే బ్యారేజీనే చూడండి. 1957లో కట్టింది. 2024 సెప్టెంబరు మొదట్లో వరద ఉరవడికి పడవలు కొట్టుకొచ్చి గేట్ల దగ్గర గుద్దుకున్నాయి, గేట్లకి సమతూకంగా ఉండే బరువులు, కౌంటర్‌వెయిట్లు, దెబ్బతిన్నాయి. ఊళ్లో సగం మందిమి చూడ్డానికి పోయి పడవల ఫొటోలు తీసుకున్నాం. ఇంజనీర్లు ముందు ఆ వెయిట్ల స్థానంలో కొత్తవి బిగించే పనిలో పడ్డారు, ఇరుక్కున్న పడవల్ని బయటికి లాగడం ఆ తర్వాత. పడవ రాసుకున్న చోట సిమెంటు ఎంత గీరుకుపోయిందని అడిగినవాళ్లని నేను చూడలేదు. మీరూ ఐదు వారాలుగా పడవ ఫొటోలు తీస్తున్నారు.

సరే, గీత. మొత్తం రంగు వద్దు. దానికోసం సైకిల్లో ప్రతి ముక్కా ఊడదీయాలి, ఉన్న రంగంతా గీకాలి, పౌడర్ కోటింగ్ అయితే దాదాపు 200 డిగ్రీల దగ్గర కాల్చాలి. (కార్బన్ భాగాల్ని దాని దరిదాపులకి కూడా పంపకూడదు.) కంపెనీ గ్యారంటీ కూడా పోవచ్చు, కార్డు చదవండి. నాలుగంగుళాలకి ఇంత తంతు నాకు నచ్చదు. సబ్బునీళ్లతో కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, అగ్గిపుల్ల కొసతో గీత లోపల మాత్రమే పల్చగా రంగు నింపండి, ఆరాక ఇంకోసారి. ఆటోనగర్‌లో రంగు కలిపి ఇచ్చేవాళ్లకి సైకిలే తీసుకెళ్లి చూపిస్తే దగ్గరగా వస్తుంది, అచ్చంగా రాదు. దగ్గర్లో నీలం గోళ్ల రంగు దొరికితే అదీ చాలు. అల్యూమినియం స్టీల్లా తుప్పుపట్టి తినుకుపోదు కాబట్టి వారం ఆలస్యమైనా కొంపలంటుకోవు. ఒక్కటి మాత్రం చెయ్యకండి: టూత్‌పేస్టు, కారు పాలిష్, రుద్దే కాంపౌండ్ ఏవీ పెట్టి రుద్దొద్దు. మ్యాట్ రంగు రుద్దితే మెరుస్తుంది. సన్నటి గీత కాస్తా అరచేతంత మెరుపు మచ్చ అయి కూర్చుంటుంది, దాన్ని ఏ పుల్లా సరిచెయ్యలేదు.

అతి చేస్తున్నానా అన్నారు. రంగు విషయంలో అయితే లేదు. మా నాన్నగారి తరంలో కొత్త సైకిలు గొట్టాలకి చుట్టి వచ్చిన ప్లాస్టిక్ కవరు చినిగి, పీలికలై, గాలికి జెండాల్లా ఎగురుతున్నా పీకేవాళ్లు కాదు. అది పూర్తిగా ఊడాక కడ్డీకి రంగురంగుల ప్లాస్టిక్ తీగ చుట్టించేవాళ్లు. చైను కవరు మీద పెయింటరు చేత పేరు రాయించేవాళ్లు, దసరాకి బొట్లు పెట్టేవాళ్లు. నేను కడ్డీ కింద నుంచి కాలు దూర్చి తొక్కుతూ పడిపోయి వస్తే మా నాన్న మొదటి చూపు పెడలు వైపే. అది లేకపోతే ఆయనకి మర్నాడు డ్యూటీ లేదు మరి. ఇప్పటికీ ఆదివారం ఏడింటికి సీతానగరం వైపు టీకొట్టు దగ్గర నిలబడి చూడండి. పదిమంది దిగుతారు, టీ చెప్పేముందు పదిమందీ గోడ వెతుక్కుంటారు. తన సైకిలు మీద ఇంకొకరి హ్యాండిల్ వాలకుండా, చైను ఉన్న పక్క బయటికి ఉండేలా, ఒక్కొక్కరిదీ ఒక్కో లెక్క. (చెప్పాలంటే గీతలు ఎక్కువ పడేది రోడ్డు మీద కాదు, ఆ గోడ దగ్గరే. ఒకటి జారితే వరసగా నాలుగు పడతాయి.) అక్కడికొచ్చే ఒక పెద్దాయన తన సైకిలు మీద ప్రతి దెబ్బకీ ఊరిపేరు చెప్తాడు. ఒక కుర్రాడు గీత పడ్డ చోటల్లా స్టిక్కర్ అంటించి, ఇప్పుడు ఫ్రేము కన్నా స్టిక్కర్లే ఎక్కువ చేశాడు. ఇంకొకాయన చిన్న సొట్ట పడిందని మనసు విరిగి అమ్మేసి, కొన్నాళ్లకి కొనుక్కున్న వాడి దగ్గర దాన్నే ఒక రౌండు అడిగి తొక్కాడు. మీరు ఈ మందలో మనిషే.

కానీ సైకిలు దుప్పటి కింద ఉండటానికి కారణం గీత అని మీరు రాశారు చూడండి, అది నేను నమ్మలేదు. మీకు రాత్రిళ్లు వినిపించే చప్పుడు 'జర్ర్' అని రాశారు. బ్రేకు లీవరు లోహాన్ని గీరితే జర్రుమనదండీ. కిర్రుమని, అర క్షణంలో అయిపోతుంది. జర్రుమనేది తిరుగుతున్న టైరుకి తిరుగుతున్న టైరు రాసుకున్నప్పుడు. అంటే రంగు పోవడానికి ముందు, ఇంకా మీరు సైకిలు మీదే ఉండి, ఇక పడటం ఖాయమని తెలిసిపోయిన ఆ క్షణం. మీరు రోజూ వింటున్నది అది. నేను ఇది ఎలా పట్టుకున్నానంటే, పట్టాల దగ్గర పడ్డాక మూడు నెలలు నేను ఆ దారికి వెళ్లినప్పుడల్లా సైకిలు దిగి నడిపించుకుంటూ దాటాను. ఎవరడిగినా "టైర్లు అరిగాయి, మార్చాలి" అని చెప్పేదాన్ని. టైర్లు మార్చాను. మార్చాక కూడా దిగి నడిచాను. అప్పుడు తెలిసింది.

మీ అమ్మగారు "దిష్టి పోయింది" అన్నందుకు మీరు అర పేజీ విసుక్కున్నారు. ఆవిడ చూసింది సైకిల్ని కాదు లెండి.

మిత్రుడి విషయం. డబ్బు అడగకండి. కలిసి తొక్కేవాళ్లలో పాత నియమం ఒకటుంది: వెనకున్నవాడే దూరం చూసుకోవాలి. రెండు చక్రాలు రాసుకుంటే మామూలుగా పడేది వెనకవాడే, ఎందుకంటే హ్యాండిల్ తిప్పి నిలదొక్కుకోవాల్సింది ఏ చక్రమో దెబ్బ ఆ చక్రానికే తగులుతుంది. అందుకని ముందువాడి చక్రం పక్కకి మీ చక్రాన్ని దూర్చకూడదు, గాలి కలిసొస్తుందని మరీ వెనకే అంటుకోకూడదు. అతని వైపు తప్పు కూడా ఉంది: గేదె కనిపించగానే అరవాలి, చెయ్యి కిందికి చాపి ఊపాలి. ఆ మాట టీ తాగుతూ ఒక్కసారి చెప్పండి, అతనికే మంచిది, రేపు అతని వెనక ఇంకొకరుంటారు. ఇక సైకిల్ వైపు చూడలేదన్న మీ కోపం... పడ్డవాణ్ణి వదిలేసి ముందు సైకిల్ని చూసే మిత్రుడు మీకు కావాలా? కాకపోతే "నీకేం కాలేదుగా" అని తనే ప్రశ్నా జవాబూ చెప్పేసి "పద" అనడం మాత్రం తప్పే. పడ్డాక ఒళ్లు వేడి మీద ఉంటుంది, నొప్పి తెలియదు. పది నిమిషాలు రోడ్డు పక్కన కూర్చోబెట్టి, వేళ్లు ఆడించమని, మెడ తిప్పమని, ఈ రోజు ఏ వారమో చెప్పమని అడిగి, సైకిలు బ్రేకులూ చక్రాలూ చూశాకే కదలాలి. ఆ పది నిమిషాలు కూర్చుని ఉంటే మీ బొటనవేలు అప్పుడే చెప్పి ఉండేది.

డాక్టరు సరేనన్నాక, ఫోర్కు చూపించాక, కొత్త హెల్మెట్ వచ్చాక బయల్దేరండి. మొదటిసారి గుంపుతో వద్దు, ఎవరి వెనకా వద్దు. ఒక్కరే తెల్లారుజామున బ్యారేజీ దాకా వెళ్లి తిరిగి రండి. తర్వాతెప్పుడో కరకట్ట ఎక్కండి. ఆ గేదె వచ్చిన చోట దిగి నడవాలనిపిస్తే నడవండి, టైర్ల మీద పెట్టకండి.

మళ్లీ రాయండి. గీత ఫొటోలు నా దగ్గర ఏడున్నాయి, చాలు. ఈసారి ఎక్స్‌రేది పంపండి.